మతం మారితేనే పదవి అన్న ఊళ్లో: పుదుచ్చేరి దుబాసీ ఆనంద రంగ పిళ్లై కథ

పుదుచ్చేరిలో గూబేర్ మార్కెట్‌ను ఆనుకుని వెళ్లే వీధి పేరు రంగ పిళ్లై వీధి. కూరగాయల బుట్టలు, బట్టల దుకాణాలు, స్కూటర్ల రద్దీ మధ్య అక్కడ ఒక పాత మేడ ఉంది. కింది అంతస్తులో తమిళ ఇళ్ల తీరులో చెక్క స్తంభాలు, పై అంతస్తులో ఫ్రెంచి తరహా కట్టడం. 1730ల చివర్లో ఆ ఇల్లు కట్టించిన మనిషి ఆనంద రంగ పిళ్లై. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీకి ప్రధాన దుబాసీగా పనిచేశారు. పాతికేళ్ల పాటు రాసిన తమిళ డైరీ వల్ల చరిత్రకారులకు ఆయన బాగా తెలుసు. ఆ డైరీ రాసిన చేతికి పదవి ఎలా దక్కిందన్న కథ మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

ఇవాళ పుదుచ్చేరిలో ఒక కంపెనీ లెక్కల మీద ఆడిటర్‌గా సంతకం చేయాలంటే ఏమేం కావాలో చట్టం చెబుతుంది. పరీక్షలు పాసవ్వాలి, ఆర్టికల్‌షిప్ పూర్తి చేయాలి, ఇన్‌స్టిట్యూట్ సభ్యత్వం పొందాలి. ఏ దేవుణ్ణి కొలుస్తారని అడిగే గడి ఆ దరఖాస్తులో లేదు. మూడు వందల ఏళ్ల కిందట అదే ఊళ్లో కంపెనీ కొనుగోళ్లకు, బయానాలకు, బాకీలకు పూచీపడే పెద్ద పదవి కోసం నిలబడిన వారిని మొదట అడిగింది ఆ ప్రశ్నే. ఒకే కుటుంబంలో ముగ్గురు దానికి మూడు రకాలుగా జవాబు చెప్పారు. ఒకరు జైల్లో చనిపోయారు. ఒకరు సముద్రాలు దాటి వెళ్లి మతం మార్చుకుని వచ్చారు. మూడో మనిషి మతం మారకుండానే పదవిలో కూర్చున్నారు. ఆయనే రంగ పిళ్లై.

దుబాసీ చేతిలో ఏముండేది?

దుబాసీ అంటే రెండు భాషలు తెలిసినవాడు. కానీ కంపెనీ కొలువులో ఆ మాట బరువు అంతకంటే చాలా ఎక్కువ. ఫ్రెంచివారు వ్యాపారం కోసం వచ్చారు. వాళ్లకు కావలసింది కోరమాండల్ తీరం బట్ట. తెల్ల బట్ట, నీలి బట్ట, అద్దకం బట్ట. అంగట్లోకి వెళ్లి కొంటే దొరికే సరుకు కాదది. ఓడలు రావడానికి నెలల ముందే వర్తకులతో ఒప్పందాలు కుదరాలి. ఆ వర్తకులు ఊళ్లలోని నేతగాళ్లకు బయానా ఇవ్వాలి. నేసిన తానులు వచ్చాక నమూనాతో సరిచూడాలి, నాసివి తీసేయాలి, చలువకో అద్దకానికో పంపాలి. రుతుపవనం తిరిగే లోపు ఓడలకు ఎక్కించాలి.

ఈ వరసలో ఎక్కడ పద్దు తప్పినా నష్టం కంపెనీదే. బయానా తీసుకున్న వర్తకుడు సరుకు ఇవ్వకపోతే ఎవరిని పట్టుకోవాలి? ఏ నేతగాడికి ఎంత ముట్టింది? ఆర్కాటు రూపాయికి ఈ వారం మారకం ఎంత? వరహాల్లో రాసిన బాకీని రూపాయల్లో ఎలా తేల్చాలి? గవర్నర్‌కు ఈ సంగతులేవీ తెలియవు. ఐరోపా నుంచి వచ్చిన గుమాస్తాలకు తమిళం రాదు, తెలుగు కోమటి వర్తకుల చిట్టా ఆవర్జాలు చదవడం రాదు. దుబాసీకి అన్నీ తెలియాలి. కంపెనీ తరఫున వర్తకులకు, వర్తకుల తరఫున కంపెనీకి ఆయన మాటే పూచీ. దానికి తోడు ఊళ్లోని భారతీయులందరికీ పెద్దమనిషి ఆయనే. తగవులు తీర్చాలి, కొత్త వర్తకులను రప్పించాలి, నవాబుల దర్బారుల నుంచి వచ్చే ఉత్తరాలు చదివి జవాబులు రాయించాలి.

ఈ పనికి నిజంగా కావలసిన అర్హతలు నాలుగు. లెక్క, భాష, సొంత పెట్టుబడి, బజారులో పరపతి. ఫ్రెంచి ప్రభుత్వం వాటి పైన ఐదో అర్హత చేర్చింది. ఆ మనిషి క్యాథలిక్ అయి ఉండాలని పుదుచ్చేరిలోని జెస్యూట్ మతగురువులు పట్టుబట్టారు. పారిస్‌లోని రాజదర్బారులోనూ వాళ్ల మాటకు విలువ ఉండేది. కంపెనీ వ్యాపారులకు ఆ నియమం ఇబ్బందిగానే ఉండేది. మంచి వర్తకుల్లో ఎక్కువమంది హిందువులు. మతం అడ్డుపెడితే వాళ్లు మూటాముల్లె సర్దుకుని ఇంగ్లిష్ వారి మద్రాసుకు వెళ్లిపోగలరు. మతగురువుల పట్టుదలకూ వ్యాపార అవసరానికీ మధ్య జరిగిన ఆ లాగుడులో రంగ పిళ్లై కుటుంబం నలిగింది.

1716: బజారులో యాభై కొరడా దెబ్బలు

ఆనంద రంగ పిళ్లై 1709 మార్చి 30న మద్రాసు పెరంబూరులో యాదవ కుటుంబంలో పుట్టారు. తండ్రి తిరువేంగడ పిళ్లై వర్తకుడు. ఆయనకు బావ వరసయ్యే నైనియప్ప పిళ్లై అప్పటికే పుదుచ్చేరిలో ఫ్రెంచి వారి ప్రధాన దళారి. ఆయన పిలుపు మీదే తిరువేంగడం కుటుంబం పుదుచ్చేరి చేరింది.

నైనియప్ప పరపతి గల వర్తకుడు. కంపెనీకి సరుకు సమయానికి అందించేవారు. జెస్యూట్లకు మాత్రం ఆయన కంటిలో నలుసు. ఊరి భారతీయులందరి మీద పెత్తనం చేసే పదవిలో ఒక హిందువు ఉంటే కొత్తగా మతం మారేవారు ఎవరుంటారన్నది వాళ్ల వాదన. ఆయన పేద క్రైస్తవులకు దానం చేస్తూ జపమాలలు పంచడం కూడా వాళ్ల దృష్టిలో నేరమే. మతం మారమని, లేదంటే పదవి వదలమని ఒత్తిడి పెరిగింది. నైనియప్ప రెండూ చేయలేదు.

1716 ఫిబ్రవరిలో గవర్నర్ ఎబేర్ ఆయన్ని అరెస్టు చేయించారు. ప్రజలను పీడించారని, ప్రభుత్వం మీదకు ఉసిగొల్పారని ఆరోపణలు. విచారణ కాగితాలు ఫ్రెంచిలో నడిచాయి. నైనియప్పకు ఫ్రెంచి చదవడం రాదు. తాను చదవలేని కాగితాల కింద తమిళంలో సంతకం చేయవలసి వచ్చింది. అదే ఏడు శిక్ష పడింది. నడి బజారులో యాభై కొరడా దెబ్బలు, మూడేళ్ల జైలు, 8,888 వరహాల జరిమానా, ఆ తర్వాత ఊరి నుంచి వెలి. ఆస్తి జప్తయింది. 1717లో ఆయన జైల్లోనే కన్నుమూశారు. ఈ కేసు తిరువేంగడ పిళ్లైని కూడా చుట్టుకుంది. ఆయన పుదుచ్చేరి విడిచి మద్రాసు వెళ్లవలసి వచ్చింది. అప్పటికి రంగ పిళ్లై వయసు ఏడేళ్లు.

ఖాళీ అయిన పదవి కనకరాయ ముదలికి దక్కింది. ఫ్రెంచి కాగితాల్లో ఆయన పేరు పెద్రో. తరతరాలుగా ఫ్రెంచివారిని అంటిపెట్టుకుని ఉన్న క్యాథలిక్ కుటుంబం ఆయనది.

పారిస్ దాకా వెళ్లిన కొడుకు

నైనియప్ప కొడుకు గురువప్ప పిళ్లై తండ్రికి జరిగినదాన్ని వదిలిపెట్టలేదు. మద్రాసులో ఓడెక్కి ఇంగ్లండ్ మీదుగా పారిస్ చేరుకున్నారు. విచారణ జరిగిన తీరు అన్యాయమని అక్కడ ఫిర్యాదు చేశారు. ఆ కేసు వెనక వ్యాపార పోటీలు, అధికారుల మధ్య కక్షలు కూడా ఉన్నాయి. ఎబేర్ శత్రువులు గురువప్పకు అండగా నిలిచారు. చివరికి నైనియప్పపై తీర్పు రద్దయింది. అప్పటికే ఎబేర్‌ను పదవి నుంచి దించి ఫ్రాన్స్ పంపేశారు.

పారిస్‌లో ఉండగానే గురువప్ప బాప్తిస్మం తీసుకున్నారు. బాలరాజు పదిహేనో లూయీ తరఫున ఫ్రాన్స్‌ను ఏలుతున్న ఓర్లియాన్ డ్యూక్ ఫిలిప్ ఆయనకు జ్ఞానపిత. సెయింట్ మైకేల్ ఆర్డర్‌లో షెవాలియేగా బిరుదిచ్చారు. తండ్రి ప్రాణం తీసిన షరతును కొడుకు నెరవేర్చి, తండ్రి కూర్చున్న పదవిలోకే తిరిగి వచ్చారు. అది ఆయన నమ్మకమా, కుటుంబం పరువూ ఆస్తీ తిరిగి దక్కించుకునే మార్గమా అన్నది తేల్చడం కష్టం. రెండూ కలిసి ఉండటంలో వింత లేదు.

ఆ పదవి ఆయన చేతిలో ఎక్కువ కాలం నిలవలేదు. 1724లో గురువప్ప చనిపోయారు. పదవి మళ్లీ కనకరాయ ముదలికే వెళ్లింది. ఆయన అందులో 22 ఏళ్లు ఉన్నారు.

బజారే బడి

కేసు కొట్టేశాక తిరువేంగడ పిళ్లై పుదుచ్చేరి తిరిగి వచ్చారు. 1726లో ఆయన కన్నుమూసేనాటికి రంగ పిళ్లైకి పదిహేడేళ్లు. ఆ ఏడే రెండోసారి గవర్నర్‌గా వచ్చిన లెనువార్‌కు ఆ కుటుంబం మీద మంచి అభిప్రాయం ఉంది. పరంగిపేటలోని కంపెనీ కార్ఖానాలో భారతీయ ఉద్యోగుల మీద పెద్దగా రంగ పిళ్లైని నియమించారు. అక్కడ పని నీలి బట్ట తయారీ, అద్దకం.

ఇప్పటి కుర్రాళ్లు ఒక ఆడిటర్ దగ్గర ఆర్టికల్స్ చేసినట్టుగా ఆయన ఆ కార్ఖానాలో పని నేర్చుకున్నారు. అయితే జీతం తీసుకుని ఊరుకోలేదు. సొంత డబ్బు పెట్టి లాలాపేటలోనూ ఆర్కాటులోనూ కొట్లు తెరిచారు. ఐరోపా సరుకు అక్కడికి పంపి, దేశీ సరుకు ఇక్కడికి తెప్పించారు. పోకచెక్కల వ్యాపారం చేశారు. ఆనందపురవి అనే ఓడను సముద్ర వ్యాపారానికి తిప్పారు. తమిళం, తెలుగుతో పాటు తీరంలో అందరూ వాడే పోర్చుగీసు, ఏలేవారి ఫ్రెంచి కూడా వంటబట్టించుకున్నారు. దుబాసీ పదవి ఖాళీ అయ్యేనాటికి ఆ పనికి కావలసిన నాలుగు అర్హతలూ ఆయన దగ్గర ఉన్నాయి. ఐదోది మాత్రం లేదు.

1736 సెప్టెంబర్ 6న డైరీ మొదలైంది. అప్పుడు గవర్నర్ ద్యూమా. పుదుచ్చేరిలో రూపాయలు ముద్రించుకోవడానికి ఆర్కాటు నవాబు నుంచి ఫ్రెంచివారు అనుమతి సంపాదించింది ఆ ఏడే. ఒక వర్తకుడు రోజువారీ పుస్తకం ఎలా రాస్తాడో ఆ డైరీ తీరు అలాగే ఉంటుంది. ఏ ఓడ వచ్చింది, ఎన్ని తుపాకులు పేల్చారు, ఎవరు ఎవరికి ఎంత నజరానా ఇచ్చారు, గవర్నర్ ఈ రోజు ఏ మూడ్‌లో ఉన్నారు, ఏ గ్రహం ఎక్కడుంది. జమాఖర్చుల పుస్తకంలో సొమ్ము రాసినట్టు అందులో మాటలు, మర్యాదలు, అవమానాలు పద్దు వేసుకున్నారు. సొంత గొప్పలూ ఉన్నాయి. తనకు గిట్టనివారి మీద విసుర్లూ ఉన్నాయి. కులం గురించి ఆ కాలపు పట్టింపులన్నీ ఉన్నాయి.

1746: ఖాళీ అయిన కుర్చీ

1742 జనవరిలో డూప్లే గవర్నర్‌గా వచ్చారు. చందర్‌నగర్‌లో సొంత వ్యాపారం చేసి బాగా గడించిన మనిషి. లాభం ఎవరి వల్ల వస్తుందో పసిగట్టడం ఆయనకు తెలుసు. ఆయన వ్యాపార లావాదేవీల్లో రంగ పిళ్లై క్రమంగా నమ్మకస్తుడయ్యారు.

1746 ఫిబ్రవరి 12న కనకరాయ ముదలి చనిపోయారు. ఆ రోజు నుంచి పుదుచ్చేరిలో అందరి నోటా ఒకటే మాట, తర్వాత ఎవరని. ముదలి తమ్ముడు రంగంలో ఉన్నారు. ఆయన క్యాథలిక్. అంటే షరతు పుట్టుకతోనే తీరింది. సెయింట్ పాల్ చర్చిలోని జెస్యూట్లు ఎప్పటిలాగే క్రైస్తవుడే కావాలన్నారు. ఆ రోజుల్లో వాళ్ల పెద్ద ఫాదర్ కర్దూ. తెలుగువారికి ఈయన మరో విధంగా ముఖ్యుడు. తెలుగు నేర్చి తెలుగు-ఫ్రెంచి నిఘంటువు కూర్చినవారాయన. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్‌లకూ ఉన్న పోలికలను విలియం జోన్స్ కంటే ముందే గుర్తించారు కూడా.

గవర్నర్ భార్య జాన్ డూప్లే లెక్క వేరు. ఆమె పుదుచ్చేరిలోనే పుట్టి పెరిగారు. తమిళం వచ్చు. భర్తకు దుబాసీ అవసరమైన చోట ఆమెకు అవసరం లేదు. ఊళ్లో ఆమెకు సొంత వేగులు, సొంత మనుషులు ఉండేవారు. రంగ పిళ్లై ఆ పదవికి రావడం ఆమెకు ఇష్టం లేదు. ఆ అయిష్టం తర్వాతి ఎనిమిదేళ్లూ ఆయన్ని వెన్నాడింది.

రంగ పిళ్లై మతం మారతానని అనలేదు. కుటుంబంలో ఆ దారి తొక్కిన గురువప్ప ఉదాహరణ ఆయన కళ్లముందే ఉంది. తొక్కనందుకు నైనియప్ప పొందిన ఫలితమూ గుర్తే. ఆయన ఎంచుకున్నది ఓపిక. పదవి ఖరారు కాకముందే పని మొదలుపెట్టారు. వర్తకులు సమస్య తెస్తే తీర్చారు. బయానాలు కదిలించారు. ఆ సెప్టెంబర్‌లో ఫ్రెంచివారు ఇంగ్లిష్ వారి నుంచి మద్రాసును పట్టుకున్నారు. దాంతో లెక్క మారిపోయింది. మద్రాసు వర్తకులను పుదుచ్చేరికి రప్పించాలన్నది డూప్లే కోరిక. ఆ వర్తకుల్లో తెలుగువారు ఎంతోమంది. వాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడి, నమ్మకం కలిగించగల మనిషి కావాలి. నవాబు దర్బారుతో ఉత్తర ప్రత్యుత్తరాలు ఒక్కసారిగా పెరిగాయి. మతం పేరు చెప్పి పక్కన పెట్టే వీలు లేని మనిషిగా రంగ పిళ్లై మారారు. 1747 నాటికి పదవి అధికారికంగా ఆయనదైంది.

నిబంధన రద్దయిందా? లేదు. ఒక గవర్నర్ తన అవసరం కొద్దీ దాన్ని పక్కన పెట్టారు, అంతే. రద్దయిన నిబంధనకూ పక్కన పెట్టిన నిబంధనకూ ఉన్న తేడా రంగ పిళ్లైకి త్వరలోనే తెలిసొచ్చింది.

గుడి కూలిన రోజులు

1748 ఆగస్టులో ఇంగ్లిష్ అడ్మిరల్ బోస్కావెన్ పుదుచ్చేరిని ముట్టడించారు. ఊళ్లో జెస్యూట్ల చర్చి పక్కనే వేదపురీశ్వరుడి గుడి ఉండేది. దాన్ని తీసేయాలని మతగురువులు దశాబ్దాలుగా అడుగుతున్నారు. ఊరి హిందువులు వెళ్లిపోతామని బెదిరించినప్పుడల్లా గవర్నర్లు వెనక్కు తగ్గేవారు. ముట్టడి సమయంలో ఎవరూ ఊరు దాటి వెళ్లే పరిస్థితి లేదు. సెప్టెంబర్‌లో గుడిని కూల్చేశారు.

ఊరి భారతీయులందరికీ పెద్దగా అప్పుడు రంగ పిళ్లై ఉన్నారు. మతం మారకుండా ఆ కుర్చీలో కూర్చున్న హిందువు ఆయన. ఆయన ఆపలేకపోయారు. జరిగినదంతా డైరీకెక్కించారు. కూల్చివేత వెనక గవర్నర్ భార్య, మతగురువుల పట్టుదల ఉందని ఆయన నమ్మారు. ఊరి పెద్దలు ఒక్కమాట మీద నిలబడలేదనీ బాధపడ్డారు. ఆయన పదవి వదులుకోలేదు. వదులుకుని ఉంటే గుడి నిలిచేదా అంటే అనుమానమే. పదవిలో ఉన్నా నిలవలేదన్నది మాత్రం నిజం. వేదపురీశ్వరుడి గుడిని తర్వాతి కాలంలో ఊళ్లోనే మరో చోట కట్టుకున్నారు.

తన నమ్మకాన్ని కాపాడుకోవడం ఒక సంగతి. తన వారి నమ్మకాన్ని కాపాడగలగడం వేరే సంగతి. మొదటిది రంగ పిళ్లై చేతిలో ఉంది. రెండోది ఆ పదవికి ఎప్పుడూ లేదు.

మూడు వేల మన్సబు, ఒక తెలుగు ఛందస్సు

ముట్టడి విఫలమైంది. ఆ తర్వాతి మూడేళ్లు డూప్లే వెలుగు వెలిగారు. 1749 ఆగస్టులో ఆంబూరు యుద్ధంలో చందా సాహెబ్, ముజఫర్ జంగ్‌ల పక్షం గెలిచింది. గెలిచినవారు పుదుచ్చేరి వచ్చారు. ఆ సంబరాల్లో రంగ పిళ్లైకి మూడు వేల గుర్రాల మన్సబు, బిరుదులు దక్కాయి. గవర్నర్ ఇంటి ఆవరణలోకి మేళతాళాలతో పల్లకీ ఎక్కి వెళ్లే హక్కు ఆయనకు ఉండేది. ముప్పై మూడేళ్ల కిందట ఆయన మామ వరస మనిషిని కొరడాతో కొట్టింది ఆ ఊరి బజారులోనే.

కవులు ఆయన గడప తొక్కారు. తమిళంలో, సంస్కృతంలో ఆయన పేరిట కావ్యాలు వచ్చాయి. తెలుగులో కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందము రాసి ఆయనకే అంకితమిచ్చారు. లక్షణ చూడామణి అని దానికి మరో పేరు. తెలుగు ఛందస్సు చదివే విద్యార్థులకు ఒక ఫ్రెంచి కంపెనీ దుబాసీ పేరు ఇప్పటికీ ఆ పుస్తకం అట్ట మీద కనిపిస్తుంది.

పుదుచ్చేరిలో వేసిన ఎత్తుల ప్రభావం తెలుగు నేల మీదా పడింది. నిజాం పీఠం ఎక్కిన ముజఫర్ జంగ్ హైదరాబాద్ వెళుతూ 1751 ఫిబ్రవరిలో రాయచోటి దగ్గర కడప, కర్నూలు నవాబుల తిరుగుబాటులో హతమయ్యారు. వెంట ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీ అక్కడికక్కడే సలాబత్ జంగ్‌ను గద్దె ఎక్కించారు. రెండేళ్ల తర్వాత ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతికొచ్చాయి.

యుద్ధాలకు డబ్బు కావాలి. ఆ డబ్బు వసూలయ్యే ఊళ్ల ఇజారా ఎవరి చేతిలో ఉంటే అధికారం వాళ్లది. జాన్ డూప్లే అండతో పాపయ్య పిళ్లై అనే మనిషి పైకొచ్చారు. వసూళ్లు ఆయన చేతికి వెళ్లాయి. రంగ పిళ్లైకి బిరుదు మిగిలింది, బలం తగ్గింది. మతం షరతు పక్కన పెట్టి పదవి ఇచ్చిన గవర్నరే, ఏ కాగితమూ మార్చకుండా ఆ పదవిలోని సారాన్ని ఇంకొకరికి ఇచ్చేశారు.

లెక్క తేలని చివరి ఏళ్లు

1754 ఆగస్టులో పారిస్ నుంచి గొదెహ్యూ వచ్చి డూప్లేను పదవి నుంచి తప్పించారు. పాపయ్య పిళ్లై అరెస్టయ్యారు. వసూళ్ల బాధ్యత మళ్లీ రంగ పిళ్లై వైపు తిరిగింది. అది వరమో శాపమో చెప్పడం కష్టం. ఏళ్ల తరబడి సేనలు తొక్కిన ఊళ్లవి. రైతు దగ్గర లేని డబ్బు ఇజారాదారు దగ్గరకు ఎక్కడి నుంచి వస్తుంది? పూచీపడినవాడు మాత్రం జవాబు చెప్పుకోవాలి. ఆయన ఆరోగ్యమూ దెబ్బతింది. 1756లో దుబాసీ పదవి చేజారింది.

ఇక్కడ ఆయన తప్పు కూడా లేకపోలేదు. వర్తకుడు, కంపెనీ తరఫు పూచీదారు, పన్నుల వసూలుదారు, తగవులు తీర్చే పెద్దమనిషి, ఈ నాలుగు పాత్రలూ ఒక్కరిలోనే ఉన్నాయి. ఒకరికి అనుకూలంగా మాట్లాడినందుకు నజరానా తీసుకోవడం ఆ కాలంలో మామూలు. ఆయన దాన్ని దాచనూ లేదు, డైరీలో రాసుకున్నారు. కంపెనీ సొమ్ము ఎక్కడ ఆగి దుబాసీ సొమ్ము ఎక్కడ మొదలవుతుందో చూసే మూడో మనిషి ఆ వ్యవస్థలో లేడు. గవర్నర్లదీ అదే పరిస్థితి. కంపెనీ యుద్ధాలకు తాను పెట్టిన సొంత డబ్బు తిరిగి ఇవ్వాలని డూప్లే పారిస్‌లో ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిపారు. ఆ లెక్క తేలకుండానే 1763లో చనిపోయారు.

1758లో లాలీ సేనానిగా దిగారు. రెండేళ్లలో ఫ్రెంచివారు దాదాపు అన్నీ పోగొట్టుకున్నారు. 1760 చివరికి ఐర్ కూట్ సేనలు పుదుచ్చేరిని దిగ్బంధించాయి. తిండి కరవై లాలీ ఊళ్లోని భారతీయులను వందల సంఖ్యలో కోట బయటకు వెళ్లగొట్టారు. 1761 జనవరి 12న ఆనంద రంగ పిళ్లై కన్నుమూశారు. 52వ పుట్టినరోజుకు రెండున్నర నెలలు తక్కువ. నాలుగు రోజుల తర్వాత, జనవరి 16న, పుదుచ్చేరి ఇంగ్లిష్ వారికి లొంగిపోయింది. ఆయన జీవితమంతా ఎవరికి పూచీ ఉన్నారో ఆ ప్రభుత్వమే అక్కడ లేకుండా పోయింది. ఫ్రెంచి కట్టడాలను ఇంగ్లిష్ వారు నేలమట్టం చేశారు.

పుస్తకం మిగిలింది

డైరీ కుటుంబంలోనే ఉండిపోయింది. 1846లో గల్వా మోంబ్రాఁ అనే ఫ్రెంచి ఉద్యోగి దాన్ని వెలుగులోకి తెచ్చారు. మద్రాసు ప్రభుత్వం 1904 నుంచి 1928 దాకా 12 సంపుటాల్లో ఇంగ్లిష్ అనువాదం అచ్చువేసింది. పద్దెనిమిదో శతాబ్దపు దక్షిణ భారతాన్ని ఒక భారతీయుడి కళ్లతో ఇంత వివరంగా చూపే పుస్తకాలు బహు తక్కువ. కంపెనీ లెక్కల్లో ఆయన బాకీ పద్దు మిగిలిందో లేదో గాని, రోజువారీ పుస్తకం మాత్రం నిలిచింది.

పుదుచ్చేరి 1954 నవంబర్ 1న వాస్తవంగా, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా భారతదేశంలో చేరింది. ఇప్పుడు అక్కడ వర్తించే చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం 1949 నాటిది. ఎవరికి సభ్యత్వం ఇవ్వకూడదో అందులోని ఎనిమిదో సెక్షన్ చెబుతుంది. దరఖాస్తు నాటికి 21 ఏళ్లు నిండనివారు, మతి స్థిమితం లేదని కోర్టు తేల్చినవారు, దివాలా నుంచి బయటపడనివారు, నైతిక పతనంతో కూడిన నేరానికి శిక్ష పడినవారు, వృత్తిలో తప్పుచేసి తొలగింపునకు గురైనవారు. దివాలా తీసి బయటపడినవారు కూడా అది దురదృష్టం వల్లే గాని తమ తప్పు వల్ల కాదని కోర్టు నుంచి ధ్రువపత్రం చూపాలి. శిక్ష పడినవారికి క్షమాభిక్ష దొరికితే దారి ఉంది.

రంగ పిళ్లై కుటుంబం కథను పక్కన పెట్టుకుని చదివితే ఆ పొడి అక్షరాలకు ప్రాణం వస్తుంది. నైనియప్ప మీద పడిన శిక్షను రద్దు చేయించడానికి కొడుకు సముద్రాలు దాటవలసి వచ్చింది. రైతుల దగ్గర లేని సొమ్ముకు పూచీపడిన రంగ పిళ్లైకి, అది తన తప్పు కాదని చెప్పే ధ్రువపత్రం ఇచ్చే కోర్టేదీ లేదు. ఒక మనిషి లెక్కకు తగినవాడా కాదా అన్నదాన్ని అతని పూజగదిని బట్టి తేల్చే కాలం పోయింది. దానికంటే పెద్ద మార్పు ఇంకొకటి ఉంది. నిబంధన ఇప్పుడు కాగితం మీద ఉంది. దాన్ని ఒక గవర్నర్ ఇష్టం కొద్దీ పక్కన పెట్టలేరు, మళ్లీ ఇష్టం కొద్దీ బయటికి తీయలేరు.

రంగ పిళ్లైకి దొరికింది మినహాయింపు. ఇచ్చిన చెయ్యి ఉన్నంతకాలమే అది పనిచేసింది.